బస్సు పడకపోవడం కడుపు జబ్బు కాదు

"దీని కడుపు మరీ బలహీనం డాక్టర్ గారూ, తిరుమల కొండెక్కేలోపు మూడు కవర్లు నింపేసింది" అంది ఆ తల్లి. ఎనిమిదేళ్ల పాప తల వంచుకుని కూర్చుంది. చెవి డాక్టర్ దగ్గరికి ఎందుకు పంపారో ఆవిడకి అర్థం కాలేదు. ఈ మాట ఓపీలో తరచూ వింటాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: తప్పంతా కడుపుదే.

వాస్తవం: గొడవ మొదలయ్యేది మెదడులో. లోపలి చెవిలో ద్రవం నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలుంటాయి. బస్సు మలుపు తిరిగిన ప్రతిసారీ ఆ కబురు మెదడు కాండానికి చేరుతుంది. ఫోన్‌లో బొమ్మలు చూస్తున్న కళ్లేమో కదలికే లేదంటాయి. ఈ రెండూ పొసగకే వికారం పుడుతుంది. మామూలుగా నిమిషానికి మూడు అలల చొప్పున కదిలే కడుపు, ఆ తర్వాతే లయ తప్పుతుంది.

1950ల చివర్లో నాసా, అమెరికా నౌకాదళం కలిసి బధిరుల కోసం నడిచే గల్లాడెట్ కళాశాలకు చెందిన 11 మంది బధిరుల మీద పరీక్షలు మొదలుపెట్టాయి. వాళ్లకు లోపలి చెవి దెబ్బతింది. కెనడా తీరంలోని నోవా స్కోషియా దగ్గర సముద్రం అల్లకల్లోలమై ఓడ ఊగిపోతుంటే వాళ్లు హాయిగా పేకాడుకున్నారు. వాంతులతో కుదేలైంది పరిశోధకులే!

అపోహ: అంతా మనసులోదే, ధైర్యం చెప్పుకుంటే పోతుంది.

వాస్తవం: స్కానర్‌లో పడుకోబెట్టి కదిలే చారలు చూపిస్తే, వికారం ముదరకముందే మెదడులో భయంతో ముడిపడిన అమిగ్డలా అనే భాగం చురుకవుతుంది. ముదిరాక, ఒంటి లోపలి స్థితిని గమనించే ఇన్సులా అనే మరో భాగం వంతు. కనిపిస్తున్న మార్పును భ్రమ అనలేం. బస్సెక్కుతూనే "మళ్లీ కక్కుతావా?" అని పిల్లల్ని గదమడం దయచేసి మానండి.

అపోహ: డ్రైవర్‌కు అలవాటైపోయింది కాబట్టి ఏమీ కాదు.

వాస్తవం: అలవాటు కొంతే. స్టీరింగ్ పట్టుకున్నవాళ్ల మెదడుకు రాబోయే మలుపు ముందే తెలుసు. అందుకే ముందు వరుసలో కూర్చుని దూరంగా రోడ్డును చూడమంటాం.

అపోహ: వాంతి అయ్యాక మాత్ర వేసుకోవచ్చు.

వాస్తవం: అప్పటికే కడుపు కదలిక మందగిస్తుంది, మాత్ర అక్కడే ఉండిపోతుంది. ప్రోమెథజైన్ లాంటివి బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి. అవి మెదడు మీద పనిచేస్తాయి, మత్తు వస్తుంది. బండి నడిపేవాళ్లు వేసుకోకూడదు. రెండేళ్లలోపు పిల్లలకు అస్సలు ఇవ్వకూడదు, పెద్ద పిల్లలకు మోతాదు డాక్టర్‌ని అడగాలి. ఇంట్లో ఉంది కదా అని చాలామంది వేసే ఒండాన్‌సెట్రాన్ మామూలు వాంతులకు మంచి మందే, ఘాట్ రోడ్డు వాంతులకు మాత్రం అంతగా పనిచేయదు.