‘రా’ అంటే రాని లాబ్రడార్

ఒక పాఠకురాలు అడిగారు: “మా లాబ్రడార్ నాలుగైదు సార్లు బంతి తెస్తుంది. ఆ తర్వాత ఎంత పిలిచినా పలకదు. దిష్టి తగిలిందని మా అత్తగారు కాలికి నల్లతాడు కట్టారు. ఏం చేయాలి?”

ముందు ఆ తాడు విప్పేయండి. కొరికి మింగితే పేగుల్లో చిక్కుకుంటుంది, ప్రాణం మీదకు వస్తుంది. పరుగులో వెనక కాళ్లు తూలుతున్నాయేమో కూడా చూడండి. డీఎన్‌ఎమ్1 జన్యువులో ఒక మార్పున్న లాబ్రడార్లు 5 నుంచి 20 నిమిషాల గట్టి పరుగుకే కూలబడిపోవచ్చు. ఆ మార్పును 2008లో గుర్తించారు. అలా ఉంటే వెంటనే ఆట ఆపి డాక్టరుకు చూపించాలి. కాళ్లు బాగానే ఉండి, బంతి నోట్లో పెట్టుకుని దూరం నుంచి మీ చేతిలోని గొలుసు వైపే చూస్తోందంటే, చిక్కు మీ పిలుపులో ఉంది.

మెదడు శాస్త్రవేత్త వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాలంటే నాకు ప్రాణం. అనుకోకుండా నాలుక మీద పండ్ల రసం చుక్క పడితే మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు ఒక్కసారిగా చెలరేగాయి. దీపం వెలిగాక రసం వస్తుందని కోతి నేర్చుకున్నాక, దీపానికే చెలరేగాయి, రసానికి మామూలుగా ఉండిపోయాయి. దీపం వెలిగినా రసం రాకపోతే, సరిగ్గా అది రావాల్సిన క్షణానికి ఆ కణాలు చప్పబడ్డాయి. అంటే మెదడు లెక్క వేసేది బహుమతిని కాదు, అనుకున్నదానికీ అందినదానికీ మధ్య తేడాని.

దీనికి రెస్కోర్లా, వాగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1972లోనే ఒక సూత్రం రాశారు. మీ ‘రా’ విలువ 10 అనుకుందాం. వస్తే మళ్లీ బంతి విసురుతారని కుక్క ఆశ. వచ్చింది, మీరు గొలుసు తగిలించారు. అందింది 0, తేడా మైనస్ 10. అందులో ఐదో వంతు చొప్పున నేర్చుకుంటుందనుకుంటే ‘రా’ విలువ 8కి పడుతుంది. మర్నాడూ అంతే అయితే 6.4. ఆ మర్నాడు 5.12. కుక్కకి పొగరు పట్టలేదు, మన పిలుపే చౌకబడింది. “రా, రా, రా” అని అరిచి ఏమీ ఇవ్వకపోయినా ఇదే లెక్క. బళ్లోనూ ఇంతే. పేరు పెట్టి పిలిచేది తిట్టడానికే అయితే పిల్లాడు పేరు వినగానే తల దించుకుంటాడు.

కాబట్టి విలువను తిరిగి పెంచాలి. పిలవగానే వస్తే చికెన్ ముక్క పెట్టి, వెంటనే బంతి మళ్లీ విసరండి. లాబ్రడార్‌కి పరుగే పెద్ద బహుమతి. నోట్లో బంతి లాక్కోకండి, రెండో బంతి చూపించండి, మొదటిది అదే వదులుతుంది. ఆట మధ్యలో గొలుసు తగిలించి, ముక్క పెట్టి, విప్పేసి మళ్లీ విసరండి. అలా పదిసార్లు చేస్తే గొలుసు చప్పుడుకి ‘ఆట అయిపోయింది’ అన్న అర్థం పోతుంది. అప్పటిదాకా ఐదోసారి విసరొద్దు. మూడోసారికే, ఇంకా కావాలని తోక ఊపుతుండగానే, ఆపేయండి.