లారీ ఇంజిన్ దించి చేయించాలా, వేరేది ఎక్కించాలా: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్లు విప్పి, అరిగినవి బాగుచేసి బిగించడం నా పని. దీన్నే రీబిల్డు అంటాం. బండి షెడ్డులోకి రాకముందే ఓనర్లు ఒక నిర్ణయానికి వచ్చేస్తారు: "రీబిల్డంటే లక్షలు, పాత ఇంజిన్ కొని పడేస్తే తక్కువలో పోతుంది." ఒక్కోసారి నిజమే. ప్రతిసారీ కాదు.

అపోహ: పాత ఇంజిన్ కొని మార్చడమే చౌక.

వాస్తవం: చౌకగా కనిపించేది ఇంజిన్ రేటు ఒక్కటే. లెక్క కోసం రీబిల్డుకు లక్షన్నర, స్క్రాప్ బండి ఇంజిన్‌కు లక్ష అనుకుందాం. ఆ లక్షకు దించి ఎక్కించే కూలీ, మౌంటింగ్ రబ్బర్లు, హోస్ పైపులు, ఆయిల్, కూలెంట్ కలపండి. టర్బో (ఇంజిన్లోకి గాలి నెట్టేది), డీజిల్ పంపు, సెల్ఫ్ మోటారు ఆ రేటులో ఉన్నాయో లేదో ముందే అడగండి. హాఫ్ ఇంజిన్ అయితే పైభాగం, అంటే హెడ్డు కూడా రాదు. ఇవన్నీ కలిపేసరికి లక్షన్నర దగ్గరికే చేరుతుంది.

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తోలే ఓనరు ఒకాయన అలాంటి ఇంజినే తెచ్చాడు. "స్టార్ట్ చేసి చూపించారు మేస్త్రీ, సౌండ్ బంగారం" అన్నాడు. బిగించే ముందు ఆయిల్ ఫిల్టర్ డబ్బా కోసి, లోపలి పేపర్ మడతలు విప్పి పళ్లెంలో పరిచాను. మడతల్లో రాగి రంగు రజను మెరుస్తోంది. బేరింగుల పైపూత పోయి కింది పొర దాకా అరిగిందన్నమాట. సంపు (కింది ఆయిల్ తొట్టి) విప్పి చూస్తే క్రాంకు మీద, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు మీద, గోటికి తగిలేంత గీతలు. ఆయన ఇంజిన్ డబ్బూ పెట్టాడు, క్రాంకు గ్రైండింగు డబ్బూ పెట్టాడు. ఫిల్టర్ కోసి చూడనివ్వని చోట నేనైతే అడ్వాన్సు ఇవ్వను.

అపోహ: పొగ కొడితే ఇంజిన్ పోయినట్టే.

వాస్తవం: నల్ల పొగైతే ముందు ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు చూడండి. నీలం పొగంటే ఆయిల్ కాలుతోంది, కానీ పిస్టన్ రింగుల దగ్గరా, టర్బో సీలు దగ్గరా? టర్బో పోతే టర్బోకే ఖర్చు పెట్టండి, ఇంజిన్ దించొద్దు.

అపోహ: రింగులు మారిస్తే చాలు.

వాస్తవం: సిలిండర్ పైన ఎక్కువ, కింద తక్కువ అరుగుతుంది. బోరు, అంటే పిస్టన్ ఆడే రంధ్రాన్ని, బోర్ గేజి పెట్టి పైన, మధ్యన, కింద, రెండు దిక్కులా కొలవాలి. కోలగా అరిగిన బోరులో కొత్త రింగులు కుదురుకోవు, కొన్నాళ్లకే ఆయిల్ తాగడం మళ్లీ మొదలు. కమ్మిన్స్ 6బీటీ లాంటి బ్లాకులో అసలు లైనర్లే (బోరులో మార్చుకోగల గొట్టాలు) ఉండవు. 102 మి.మీ. బోరును అర మి.మీ., అదీ చాలకపోతే ఒక మి.మీ. పెంచి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తాం. అది కూడా దాటితే స్లీవు అనే గొట్టం దించాలి. లైనర్లున్న ఇంజిన్‌కు ఈ బాధ లేదు, పాతవి లాగి కొత్తవి కొట్టడమే. క్రాంకుకు కూడా అండర్‌సైజు (గ్రైండింగుతో సన్నబడిన క్రాంకుకు సరిపోయే) బేరింగులు దొరికినంత వరకే గ్రైండింగ్. అందుకే ఇంజిన్ విప్పి కొలవకుండా ఎస్టిమేట్ చెప్పే మేస్త్రీని నమ్మొద్దు. నన్నయినా సరే.

మార్చడమే మేలనే సందర్భాలూ ఉన్నాయి. కనెక్టింగ్ రాడ్ బ్లాకు పగలగొట్టుకుని బయటికొచ్చినా, క్రాంకు చివరి సైజు దాటిపోయినా రీబిల్డు మీద డబ్బు పోయకండి. మిర్చి సీజన్లో లేత్ షాపు క్యూలో పనులు ఆగి, బండి పది రోజులు నిలబడితే పోయే కిరాయిలు కూడా లెక్కలో వేయండి. కిస్తీ మాత్రం ఆగదు కదా.

అపోహ: సైజు సరిపోతే ఏ ఇంజిన్ అయినా ఎక్కించొచ్చు.

వాస్తవం: మెకానికల్ పంపు ఇంజిన్లతో తిప్పలు తక్కువ. కంప్యూటరుతో డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజిన్లలో ఈసీయూ (ఆ కంప్యూటరు), వైరింగు, సెన్సర్లు ఒకదానికొకటి కలవాలి, లేకపోతే స్టార్టే కాదు. ఇక కాగితాలు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజిన్ మార్పు సంగతి ఆర్టీవోకు తెలియాలి, ఆర్.సి.లో కొత్త నంబరు ఎక్కాలి. నంబరు కలవకపోతే ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గర, యాక్సిడెంట్ క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు. డబ్బు చేతిలో పెట్టేముందే అమ్మేవాళ్ల దగ్గర బిల్లు, ఆ ఇంజిన్ వచ్చిన బండి ఆర్.సి. కాపీ తీసుకోండి. బ్లాకు మీద నంబరు మీరే తుడిచి చదవండి. గ్రైండరు పెట్టి గీకిన మచ్చ కనిపిస్తే అక్కడి నుంచి వచ్చేయండి.