లేజర్ గీత చివర్లపై మళ్లీ తగవు

కెమెరాతో వస్తువులను పరీక్షించే మెషిన్ విజన్ వ్యవస్థలు నడిపేవాళ్లకూ, ఆ వస్తువులపై లేజర్‌తో సన్నని వెలుగు గీత వేసే లైన్ ప్రొజెక్టర్లు అమ్మేవాళ్లకూ మధ్య పాత తగవు మళ్లీ రాజుకుంది. గీత చివర్లలో వెలుగు చాలడం లేదని నడిపేవాళ్లంటారు. డేటాషీట్‌లో (వివరాల పత్రంలో) రాసినంత యూనిఫార్మిటీ, అంటే గీత పొడవునా వెలుగు సమానత్వం, ఉంది, కొలుచుకోండని అమ్మేవాళ్లంటారు. వస్తువు మీద పడిన గీత ఎత్తుపల్లాల దగ్గర వంగినట్టు కెమెరాకు కనిపిస్తుంది, ఆ వంపును బట్టే ఎత్తు లెక్కిస్తారు. తగవు మూలం కోసం 1987కి వెళ్దాం.

అప్పటిదాకా కిరణాన్ని గీతగా సాగదీయడానికి చాలావరకు సిలిండ్రికల్ (స్తూపాకార) లెన్స్‌తోనే పని నడిచింది. లేజర్ కిరణానికి మధ్యలో వెలుగెక్కువ, పక్కలకు తక్కువ. ఆ తేడా గీతలోకీ దిగేది. మధ్యభాగానికి కెమెరా ఎక్స్‌పోజర్ సరిపెడితే చివర్లు నాయిస్‌లో (బొమ్మలోని చుక్కల గోలలో) కలిసిపోయేవి. చివర్లకు సరిపెడితే మధ్యలో సెన్సర్ శాచురేట్ అయ్యేది, అంటే వెలుగు దాని పరిమితి దాటిపోయేది. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌కు చెందిన ఇయన్ పావెల్ 1987లో అప్లైడ్ ఆప్టిక్స్ పత్రికలో కొత్త లెన్స్ డిజైన్ ప్రచురించారు. 1989లో దానికి అమెరికా పేటెంట్ వచ్చింది. ఇంటి పైకప్పులా రెండు వాలులు, వాటి మధ్య కాస్త గుండ్రం తిరిగిన కొన. మామూలుగా డిజైనర్లు వదిలించుకోవాలని చూసే స్ఫెరికల్ అబెరేషన్‌ను (లెన్స్ మధ్య, అంచుల గుండా వెళ్లే కిరణాలు ఒకే చోట కలవకపోవడాన్ని) ఆయన కావాలనే పెంచి, మధ్యలోని వెలుగును పక్కలకు తోశారు.

అక్కడే పేచీ కూడా మొదలైంది. లోపలికి వచ్చే కిరణం అనుకున్న వ్యాసంతో, సరిగ్గా కొన మీద పడాలి. సన్నగా ఉంటే చివర్లు మసకబారతాయి, లావుగా ఉంటే చివర్లే మెరుస్తాయి, పక్కకు జరిగితే ఒకవైపే వెలుగు పెరుగుతుంది. లేజర్ డయోడ్లు వచ్చాక ఈ టెన్షన్ ఎక్కువైంది. వాటి కిరణం గుండ్రంగా ఉండదు, పైగా డయోడ్‌కూ డయోడ్‌కూ తేడా.

అమ్మేవాళ్ల మాట అబద్ధమేమీ కాదు. గీతలో మధ్య 80 శాతాన్నే కొలిచి అంకె ఇవ్వడం ఈ రంగంలో మామూలే. గొడవేమో మిగతా 20 శాతంలో ఉంది.

అసలు కొలిచేది ఎక్కడ? 60 డిగ్రీల కోణంలో విచ్చుకునే గీతలో ప్రతి డిగ్రీకీ వెలుగు సమానంగా పంచినా, చదునైన తలంపై గీత కొసల్లో పడేది మధ్యలో పడేదాంట్లో 75 శాతమే. కెమెరా కూడా అదే కోణంలో చూస్తుంటే, దాని లెన్స్ కోణం పెరిగేకొద్దీ, ఆ కోణపు కోసైన్ నాలుగో ఘాతం చొప్పున, మరో కోత పెట్టి దాదాపు 56 శాతమే లోపలికి పంపుతుంది. రెండు కోతలూ ఒకదాని మీద ఒకటి పడితే (75లో 56 శాతం) మిగిలేది 42 శాతం. ఇంజనీరు స్క్రీన్ మీద కనిపించేది ఈ 42.

అందుకే చివర్లలో కావాలనే వెలుగు పెంచే లెన్స్‌లూ తయారవుతున్నాయి. వెలుగు అంతటా సమానమేనా అని చూసే పాత పద్ధతిలో కొలిస్తే వాటి యూనిఫార్మిటీ అంకె తక్కువగానే వస్తుంది. డేటాషీట్లు పక్కపక్కన పెట్టి చూసే కొనుగోలు విభాగం వాటినే ముందు పక్కన పెడుతుంది.