ఒకటో నంబరు ప్రాసెస్ చనిపోతే

శ్రీకాకుళం జిల్లాలో అక్టోబరు వచ్చిందంటే తుపాను భయం, వెన్నంటే కరెంటు కోత. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. లైనక్స్ కంప్యూటర్ అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోతే, మళ్లీ ఆన్ చేసినప్పుడు ఒక్కోసారి నల్లటి తెర మీద ‘కెర్నల్ పానిక్: అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్’ అని పడుతుంది. ఆమదాలవలసలో ఒక కంప్యూటర్ సెంటర్లో ఇది కనబడగానే ఫార్మాట్ కొట్టేశారు. పిల్లల ప్రాజెక్టు ఫైళ్లన్నీ పోయాయి. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే కారణం ఆ తెర మీదే ఉంటుంది.

లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ మొట్టమొదట నడిపించే ప్రోగ్రాం ఇనిట్. నడుస్తున్న ప్రోగ్రాంను ప్రాసెస్ అంటారు, ప్రతిదానికీ ఒక నంబరు ఉంటుంది. ఇనిట్ నంబరు 1. ఇప్పుడు ఎక్కువ లైనక్సుల్లో ఆ పని సిస్టమ్‌డీది. లాగిన్, నెట్‌వర్క్ అన్నీ దాని తర్వాతే పుడతాయి. తల్లి ప్రాసెస్ పోయిన అనాథలను చేరదీసేదీ, అవి ముగిశాక లెక్క తేల్చేదీ అదే. అందుకే అది పోతే కెర్నల్ ఇక ముందుకు పోదు. అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజరే, ప్రోగ్రాంను బలవంతంగా ఆపే 9వ సిగ్నల్ పంపినా కెర్నల్ దాన్ని ఇనిట్‌కు తగలనివ్వదు. కాబట్టి ఇనిట్ పోయిందంటే దాదాపు ఎప్పుడూ అది తనంతట తానే ముగిసిందన్నమాట, లేదా క్రాష్ అయిందన్నమాట.

ఏది జరిగిందో ఆ పానిక్ వాక్యం పక్కనున్న ఎగ్జిట్‌కోడ్ అనే సంఖ్య చెబుతుంది. అది హెక్సాడెసిమల్‌లో, అంటే పదహార్ల లెక్కలో ఉంటుంది. చివర 7ఎఫ్00 ఉంటే, 7ఎఫ్ అంటే 127: కావలసిన లైబ్రరీ, అంటే ప్రోగ్రాంలు ఉమ్మడిగా వాడుకునే కోడ్ ఫైలు, దొరకలేదని చాలాసార్లు అర్థం. పై వరుసలో ఆ లైబ్రరీ పేరు కూడా ఉంటుంది. అప్‌డేట్ సగంలో ఆగిన మెషీన్లలో వెతకాల్సింది ఇదే. చివర 0బి ఉంటే 11వ సిగ్నల్, అంటే ముట్టుకోకూడని మెమరీని ఇనిట్ ముట్టుకుంది. అప్పుడు పాడైన ఫైలునో, ర్యామ్‌నో అనుమానించాలి. ముందు ఫోన్‌తో ఆ తెర ఫొటో తీసుకోండి.

ప్రోగ్రాంలను విడివిడి గదుల్లో పెట్టినట్టు నడిపించే డాకర్ కంటైనర్లలో ఇంత గొడవ లేదు. లోపలి ఒకటో నంబరు పోతే ఆ కంటైనరే ఆగుతుంది, మెషీన్ నడుస్తూనే ఉంటుంది.

లైబ్రరీ పోయిన మెషీన్‌ను లైవ్ పెన్‌డ్రైవ్‌తో (దాని మీద నుంచే నడిచే లైనక్స్‌తో) బూట్ చేసి, ముందు ఫైళ్లు కాపీ చేసుకుని, ఆ తర్వాత ఆ లైబ్రరీ ఉన్న ప్యాకేజీని డిస్కు మీదకు మళ్లీ ఎక్కించాలి. లైబ్రరీలు బాగానే ఉండి ఇనిట్ సెట్టింగే చెడితే ఆన్ చేయగానే వచ్చే గ్రబ్ అనే బూట్ మెనూలో ‘ఇ’ నొక్కి, ఇనిట్ బదులు కమాండ్లు టైప్ చేసే బాష్‌ను నడిపించమని రాస్తే చాలు. డిస్కు రీడ్-ఓన్లీగా ఉంటే రాయడానికి వీలుగా రీమౌంట్ చేసుకోవాలి. అప్పుడు ఒకటో నంబరు బాష్‌దే. పనయ్యాక అలవాటు కొద్దీ ఎగ్జిట్ కొడితే మళ్లీ అదే పానిక్. ఎగ్జెక్ కమాండ్‌తో అసలు ఇనిట్‌ను దాని స్థానంలోకి పిలవాలి.