నీడలో పెరిగిన టీ

చిరంజీవులైన మనుమలకు, మనుమరాండ్రకు తాతయ్య ఆశీస్సులు.

నేను జపాను నుంచి పంపిన ఫొటో చూసి మీలో అందరికన్నా చిన్నది అడిగిన ప్రశ్నను మీ నాన్న ఫోనులో వినిపించాడు: "పాలు పోయకుండా చేసిన ఆ టీ అంత పచ్చగా ఎలా ఉంది, రంగు కలిపారా?" రంగేమీ కలపలేదమ్మా. అస్సాం నుంచి మన వంటింటికి వచ్చే టీ పొడి, ఉజి పట్టణంలో నేను తాగిన మచ్చా అనే ఆ పచ్చని టీ పొడి, రెండూ ఒకే జాతి మొక్క ఆకులే. మన టీ కోసం కోసిన ఆకును వాడబెట్టి, నలిపి, గాలి తగిలి నల్లబడేదాకా ఉంచుతారు. జపానువారు కోసిన ఆకుకు వెంటనే ఆవిరి పట్టి ఆ మార్పును మొదట్లోనే ఆపేస్తారు కాబట్టి పచ్చదనం నిలుస్తుంది. ఇది సగం జవాబు మాత్రమే. మిగిలిన సగం తోటలో ఉంది.

మీరు తమలపాకు తోట చూడలేదనుకుంటాను. నా చిన్నతనంలో మా పొన్నూరు వైపు అవిశ చెట్లను వరుసలుగా పెంచి, వాటి మీదికి తీగలను పాకించేవారు. బయట ఎండ మండిపోతున్నా లోపల చల్లగా, చెమ్మగా, సందెవేళలా ఉండేది. చెప్పులు గట్టు మీదే విడిచి, తీగలు తగలకుండా తల వంచుకుని వెళ్లాలి. నేను మరిచిపోతే మా తాతగారు వెనుక నుంచి మెడ మీద చెయ్యి వేసి వంచేవారు. నీడ చాలకపోతే ఆకు ముదిరి ఘాటెక్కుతుందని చెప్పి, లేత ఆకు ఒకటి తుంచి నా నోట్లో పెట్టేవారు. ఆయన చేతి వేళ్లకు ఎప్పుడూ సున్నం వాసన ఉండేది.

ఉజి తేయాకు తోట కూడా మన తమలపాకు తోట వంటిదే. వసంతంలో చిగుళ్లు రాగానే పందిళ్లు వేసి, వాటిపై రెల్లు తడకలు, గడ్డి పరిచి, కోతకు ముందు సుమారు మూడు వారాల పాటు ఎండ పడకుండా కాస్తారు. ఇప్పుడు చాలా తోటల్లో నల్లని గుడ్డే కప్పుతున్నారు. ఆకులో కమ్మదనాన్నిచ్చే థియానిన్ అనే పదార్థం ఎండ తగిలితే వగరునిచ్చే పదార్థాలుగా మారుతుంది. నీడలో ఆ మార్పు తగ్గి కమ్మదనం మిగులుతుంది. పైగా, అందిన కొద్దిపాటి వెలుగునే పట్టుకోవడానికి ఆకు మరింత పత్రహరితాన్ని తయారు చేసుకుంటుంది. మీరు రంగు కలిపారా అని అడిగింది ఈ ముదురు పచ్చదనాన్ని చూసే. తమలపాకు పుట్టినప్పటి నుంచీ నీడలోనే పెరుగుతుంది, తేయాకుకు ఆ నీడ చివరి మూడు వారాలే కాబట్టి నా పోలిక ఇక్కడ కొంచెం కుంటుతుంది. అయినా దీన్ని వదలబుద్ధి కావడం లేదు. ఆరబెట్టిన ఆకులో ఈనెలు, కాడలు తీసేసి తిరగలిలో విసురుతారు. ఆ రాతి తిరగలి గంటసేపు తిరిగినా రాలేది 40 గ్రాముల పొడి మాత్రమే. త్వరపడితే రాయి వేడెక్కి సువాసన పోతుందట. అన్నం పళ్లెం ముందు రెండు నిమిషాలు ఆగలేని మీకు ఈ సంగతి వేరే చెప్పాలా?

క్యోటో నుంచి ఉజికి రైల్లో అరగంట కూడా పట్టదు. దారిలో ఒబాకు స్టేషనులో దిగి మన్‌పుకుజి చూశాను. అది చైనా నుంచి వచ్చిన ఇన్గెన్ అనే భిక్షువు 1661లో స్థాపించిన జెన్ ఆలయం. జెన్ అంటే ధ్యానానికి పెద్దపీట వేసే బౌద్ధ శాఖ. అక్కడ మనిషంత పొడవున్న కొయ్య చేప ఒకటి వేలాడుతూ ఉంటుంది. వేళ తెలపడానికి దాన్ని కొడతారు. కన్ను మూయని ప్రాణి కనుక, ధ్యానంలో కునుకు తీయవద్దని భిక్షువులకు గుర్తుచేయడానికి చేపనే ఎంచుకున్నారు. టీ కూడా ఆ కునుకును ఆపడానికే ఆలయాల్లోకి వచ్చింది. చైనాలో చదువుకుని 1191లో తిరిగివచ్చిన ఎయిసాయ్ అనే భిక్షువు జెన్ బోధతో పాటు తేయాకు విత్తనాలు కూడా తెచ్చాడని చెబుతారు.

ఉజిలోని బ్యోదోఇన్ ఆలయం గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే దాన్ని వర్ణించడం నా వల్ల కాదు. 1053లో కట్టిన ఆ మండపం చెరువు నీటిలో తన నీడను తానే చూసుకుంటూ ఉంటుంది. లోపల బంగారు రేకు తాపిన అమిదా బుద్ధుడు, చుట్టూ గోడల మీద మేఘాలెక్కి వాయిద్యాలు వాయించే 52 చిన్న బోధిసత్త్వులు ఉన్నారు. జపాను పది యెన్ల నాణెం మీద ఉన్నది ఈ మండపమే. ఒక నాణెం మీకోసం దాచాను, కొట్టుకోకుండా చూడండి.

టీ గదిలోనూ నాకు తమలపాకు తోటే గుర్తుకొచ్చింది. 16వ శతాబ్దంలో సెన్ నో రిక్యూ అనే టీ గురువు తీర్చిదిద్దిన పద్ధతిలో కట్టిన గదులకు ద్వారం ఎత్తు రెండడుగులు దాటి కాస్తంత ఉంటుంది. కత్తి బయట పెట్టి, ఎంతటి సేనాని అయినా తల వంచి మోకాళ్ల మీద లోపలికి జరగవలసిందే. ముందుగా తీపి తినిపించి, ఆ తర్వాత వెదురు కుంచెతో నురుగు తేలేలా కలిపిన టీ ఇస్తారు. గిన్నెలో అందమైన వైపును ఆతిథేయి మనవైపు తిప్పి పెడితే, అక్కడ పెదవి ఆనించకూడదని మనం దాన్ని కొంచెం పక్కకు తిప్పి తాగాలి. మొదటి గుక్క మీకు చేదుగానే ఉంటుంది. అప్పుడే మొహం చిట్లించకుండా రెండో గుక్క కూడా తాగి చూడాలి.

నీడ ఆకును ఎలా మారుస్తుందో నేను చెప్పింది చాలు, ఇక మీరే చూడండి. పెరటి మందార చెట్టులో ఎండకు ఎదురుగా ఉన్న ఆకునొకదాన్ని, లోపల కొమ్మల చాటున ఉన్న ఆకునొకదాన్ని తుంచి, పక్కపక్కన పెట్టి వెడల్పు కొలవండి, మందం వేళ్లతో తడిమి చూడండి, రంగు పోల్చండి. ఏది ఎలా ఉందో రాసి పంపితే, ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ తాతయ్య