బీరువాలో లెక్కల పెట్టె: ఎక్కాల పంచాయితీ వెనక పాత కథ

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల సర్కారు బడుల్లో లెక్కల పంచాయితీ మళ్ళీ లేచింది. చిన్న తరగతుల్లో లెక్కలు పుల్లల్లాంటి వస్తువులతో నేర్పాలా, ఎక్కాలు బట్టీ పట్టించాలా అన్నదే గొడవ. "పొద్దంత పుల్లలతోని ఆడిపిస్తుండ్రు, మూడో తరగతికొచ్చినా ఎక్కాలు వస్తలేవు" అని అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల దగ్గర తల్లిదండ్రుల ఫిర్యాదు. సామగ్రి ఇచ్చాం, శిక్షణ ఇచ్చాం, ఇంకా వాడరేం అని పైనుంచి ప్రశ్న. బడి పిల్లలకు ఏం వచ్చో చూడటానికి 2024 డిసెంబరులో దేశమంతటా జరిగిన పరఖ్ సర్వే ఇద్దరికీ అక్కరకొచ్చింది. దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో 99 దాకా అంకెలను చిన్నా పెద్దా వరసలో పెట్టగలిగినవాళ్ళు 55 శాతం, ఆరో తరగతిలో పదో ఎక్కం దాకా వచ్చినవాళ్ళు 53 శాతం. మొదటి అంకె చూపి పుల్లలు కావాలంటారు ఒకరు, రెండోది చూపి ఎక్కాలు కావాలంటారు మరొకరు.

మాంటిస్సోరి పూసలు, మనస్తత్వ శాస్త్రవేత్త బ్రూనర్ చెప్పిన మూడు మెట్లు (ముందు వస్తువు, తర్వాత బొమ్మ, చివర అంకెల్లాంటి గుర్తు) డీఎడ్, అంటే టీచరు శిక్షణ చదివినవాళ్ళకు కంఠతా వచ్చినవే. వాటి జోలికి పోనక్కర్లేదు. మన బడుల్లో కథ మలుపు తిరిగింది 1987లో, ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్‌తో.

ప్రతి ప్రాథమిక బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి ఉండాలన్నది ఆ పథకం. సామగ్రిలో లెక్కల పెట్టె ఒకటి, అంటే పిల్లలు చేత్తో పట్టుకుని లెక్కలు నేర్చుకునే ఘనాలు, కడ్డీల లాంటివి ఉన్న పెట్టె. పెట్టె వెంటే స్టాక్ రిజిస్టర్లో ఒక వరస కూడా చేరింది. ముక్క పోయినా విరిగినా జవాబుదారీ హెచ్ఎందే (ప్రధానోపాధ్యాయుడిదే). బదిలీ అయితే చార్జి అప్పగింతలో ప్రతి వస్తువూ లెక్కకు రావాలి. ఆరేళ్ళ పిల్లల చేతికి చిన్న ఘనాలు ఇస్తే వారం తిరిగేసరికి నాలుగు కనబడవు. కొన్ని జేబుల్లో ఇంటికి పోతాయి, కొన్ని బండల సందుల్లో పడతాయి. అది తప్పేం కాదు, వస్తువు వాడుకలో ఉందనడానికి గుర్తు. రిజిస్టర్ మాత్రం దాన్ని నష్టం కిందే రాసుకుంటుంది. హెచ్ఎంలు చేయాల్సిందే చేశారు: పెట్టె బీరువాలో పెట్టి తాళం వేశారు. టీచర్లకు ఆసక్తి లేదు అని అప్పటి నుంచి వినిపించే మాటకు అసలు మూలం ఈ తాళం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన రాష్ట్రంలో దీనికి ఎదురు దారి ఒకటి నడిచింది. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, అంటే అప్పెప్, 1989 నుంచి అన్ని జిల్లాలకూ విస్తరించింది. దాని ఆరు సూత్రాల్లో మొదటిది, కృత్యాలు (పిల్లలు చేసి నేర్చుకునే పనులు) టీచరే తయారుచేసుకోవాలన్నది. చుట్టుపక్కల దొరికేవి వాడుకోవాలన్నది మరొకటి. చింతగింజలు, చీపురు ఈనెలు, కంకర రాళ్ళు పోయినా ఏ ఆడిటూ అడగదు. ఉపాధ్యాయ కేంద్రాల్లో టీచర్లు కలిసి పాఠాలు చేసి చూపించుకునేవారు. 1996లో నిధులు ఆగాయి. చాలా చోట్ల గోడకు పిల్లల బొమ్మలు అంటించడం, గుండ్రంగా కూర్చోబెట్టడం వరకే మిగిలిందన్న విమర్శ నిజమే. అయినా రెండు దారుల్లో ఏది నిలవాల్సిందో ఇప్పుడు చెప్పడం కష్టం కాదు. తర్వాత సర్వశిక్షా అభియాన్ ఒక్కో టీచరుకు ఏటా 500 రూపాయల టీఎల్ఎం (బోధన సామగ్రి) గ్రాంటు ఇచ్చినా అందులో ఎక్కువ భాగం చార్టులకు, థర్మకోల్‌కు పోయింది. టీఎల్ఎం మేళాలో బల్ల మీద అందంగా కనబడే నమూనా తరగతిలో ముప్పై మంది చేతుల్లోకి రాదు.

పెట్టె బడికొకటి కావడంతో ఇంకో అలవాటు పాతుకుంది. టీచరు పదుల కడ్డీ (పది ఘనాలంత పొడవున్న కడ్డీ) ఎత్తి చూపుతారు, పిల్లలు "పది" అంటారు, వెంటనే బోర్డు మీద నిలువు లెక్క. చేతితో చేయాల్సింది చూడటంతో సరి. నడిమి మెట్టయిన బొమ్మ మొత్తానికే ఎగిరిపోయింది. తల్లిదండ్రులు చూస్తున్న వైఫల్యం ఇక్కడిదే. దానికి కారణం పుల్లలు వాడటం కాదు, సగం వాడి వదిలేయడం.

43 లోంచి 27 తీసివేత చూడండి. బోర్డు లెక్కే నేర్చిన పిల్ల 24 అంటుంది: ఒకట్ల స్థానంలో 3 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 3 తీసేస్తుంది. పుల్లలతో అయితే పదేసి పుల్లల కట్టలు నాలుగు, మూడు విడి పుల్లలు పెట్టుకుంటుంది. ఏడు తీయాలంటే విడివి చాలవు. ఒక కట్ట విప్పితే మూడు కట్టలు, పదమూడు పుల్లలు. ఏడు తీస్తే ఆరు, రెండు కట్టలు తీస్తే ఒకటి: 16.

ఇక్కడా తప్పటడుగు ఉంది. చాలామంది పిల్లలు నాలుగు కట్టలూ విప్పి 43 పుల్లలూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, 27 పక్కన పెట్టి, మిగిలినవి మళ్ళీ లెక్కిస్తారు. జవాబు 16 సరిగ్గానే వస్తుంది, టీచరు టిక్ పెట్టేస్తారు. కానీ పదుల సంగతి ఏమీ రాలేదు. అందుకే ఒక లెక్కకు ఒకే కట్ట విప్పాలన్న నియమం ముందే పెట్టాలి, విప్పేటప్పుడు "ఒక పది ఇచ్చి పది ఒకట్లు తీసుకున్నా" అని పైకి అనిపించాలి. నోట్‌బుక్‌లో నిలువు లెక్క ఆ పనితో పాటే సాగాలి: కట్ట విప్పగానే 4 కొట్టేసి 3, ఒకట్ల మీద 13. పుల్లల పని సోమవారం, రాత పని గురువారం అయితే పిల్లల దృష్టిలో అవి రెండు వేరు పాఠాలు.

రెండు మూడు రోజుల తర్వాత పుల్లలు పక్కన పెట్టి బొమ్మకు రావాలి. పదికి నిలువు గీత, ఒకటికి చుక్క. ఒక గీత కొట్టేసి పది చుక్కలు పెట్టడం వచ్చిందంటే పుల్లల అవసరం తీరినట్టే. పూసల చట్రం (అబాకస్) ఈ బొమ్మ తర్వాతే పనికొస్తుంది, ఎందుకంటే దానిలో పదుల పూస, ఒకట్ల పూస ఒకే సైజు. కట్టలో పది కళ్ళకు కనబడుతుంది, పూసలో కనబడదు. మూడు వందల ఏడును 3007 అని రాసే పిల్లలకు ముందే చట్రం ఇస్తే తికమక పెరుగుతుంది. 2022-23లో ఇంగ్లిష్ మీడియం వచ్చాక థర్టీన్, థర్టీ కలగలిపేవాళ్ళూ ఎక్కువయ్యారు. ఒక కట్ట మూడు పుల్లలు, మూడు కట్టలు పక్కపక్కన పెట్టిస్తే ఆ తేడా చెవి మీద ఆధారపడదు.

ఎక్కాల విషయంలో తల్లిదండ్రుల మాటకు బలముంది. నాలుగో తరగతిలో భాగహారానికి వచ్చేసరికి ఏడెనిమిదులు తడుముకునే పిల్ల వెనకబడుతుంది. బట్టీ అవసరమే, కాకపోతే ఎప్పుడన్నది ప్రశ్న. ఏడు వరసల్లో ఎనిమిదేసి చుక్కలు పెట్టి, ఐదు వరసల కింద అడ్డగీత గీస్తే పైన 40, కింద 16, మొత్తం 56. ఒకసారి ఇలా కట్టుకున్న పిల్లలు మరిచిపోయినా మళ్ళీ కట్టుకోగలరు. వలస పోయి నడిమధ్యలో తిరిగొచ్చిన పాలమూరు పిల్లలకు ఇది మరీ ముఖ్యం. వాళ్ళు లేనప్పుడు తరగతి గట్టిగా చదివిన ఎక్కం ఇక వాళ్ళకు దొరకదు.

మళ్ళీ పెట్టె దగ్గరకొస్తే, ముప్పై మందిని జంటలుగా కూర్చోబెడితే 15 సెట్లు, సెట్టుకు వంద పుల్లలు, మొత్తం 1,500. తల గీకేసిన అగ్గిపుల్లలు గానీ ఒకే పొడవు కోసిన ఈనెలు గానీ చాలు. రబ్బరు బ్యాండ్లు మన ఎండలకు పెళుసుబారి తెగిపోతాయి, నూలు దారమే నయం. కట్టలు కట్టే పని పిల్లలదే, అదే మొదటి పాఠం. ఒక్క టీచరే ఐదు తరగతులు చూసే బడిలో ఒకటి, రెండు తరగతులకు కలిపి పుల్లలు ఇచ్చి, ఆ అరగంట పై తరగతులకు చుక్కల ఎక్కాలు ఇవ్వొచ్చు. మేళాలకు థర్మకోల్ నమూనాలు అడగడం మాని, పుల్లలను సుద్దముక్కల్లా వాడి పారేసే వస్తువుల కింద రాసుకోనిస్తే చాలని టీచర్లు అడుగుతున్నారు. ఇందులో ఖర్చు లేదు, సంతకం ఒక్కటే కావాలి.