గ్రీన్ టిక్ పడితే రిజల్ట్ కరెక్టేనా? ఆన్సిస్ ఆటోమేషన్‌పై అపోహలు - వాస్తవాలు

"అన్నా, స్క్రిప్ట్ ఎర్రర్ లేకుండా రన్ అయింది, అన్నింటికీ గ్రీన్ టిక్ వచ్చేసింది. రిపోర్ట్ పంపేయమంటావా?" మా టీమ్‌లోకి కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. ఆన్సిస్ అంటే ఒక భాగం లోడ్‌ని తట్టుకుంటుందో లేదో కంప్యూటర్‌లో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్. దాని వర్క్‌బెంచ్‌లో (పనిలోని దశలన్నీ సెల్స్‌గా కనిపించే స్క్రీన్) రిజల్ట్స్ అప్‌డేట్‌ని స్క్రిప్ట్‌తో ఆటోమేట్ చేయడం మీద అపోహలు చాలానే ఉన్నాయి. కొంప ముంచేది మాత్రం ఇదే.

అపోహ: అప్‌డేట్ అయిందంటే రిజల్ట్ సరైనదే

కాదు. ఆ టిక్ చెప్పేది ఒక్కటే: మీరు చివరిసారి చేసిన మార్పు తర్వాత ఆ సెల్ మళ్లీ లెక్క కట్టింది, పెండింగ్ ఏమీ లేదు. మీ ఇన్‌పుట్ తప్పో ఒప్పో దానికి పట్టదు.

ఆమధ్య ఒక బ్రాకెట్ పని వచ్చింది. ప్లేట్ మందం 10 మి.మీ. నుంచి 6 వరకు తగ్గిస్తూ డిజైన్ పాయింట్లు (ఒక్కో కొలతకి ఒక్కో లెక్క) రన్ చేశారు. 6 దగ్గరికి వచ్చేసరికి గరిష్ఠ స్ట్రెస్ (లోపలి ఒత్తిడి) బాగా పడిపోయింది. మందం తగ్గితే స్ట్రెస్ తగ్గడమేంటి? మా కుర్రాడేమో ఆప్టిమమ్ దొరికిందని సంబరపడుతున్నాడు. సపోర్ట్ దగ్గర వచ్చే రియాక్షన్ ఫోర్స్ తీసి చూడమన్నాను. అది ఇచ్చిన లోడ్‌తో సమానంగా ఉండాలి. 6000 చదరపు మి.మీ. ఫేస్ మీద 2 ఎంపీఏ (చదరపు మి.మీ.కి 2 న్యూటన్లు) ప్రెషర్ అంటే 12,000 న్యూటన్లు రావాలి. వచ్చింది 3,000. ఆ మందం దగ్గర క్యాడ్‌లో ఒక ఫిల్లెట్ (మూలని గుండ్రం చేసే వంపు) ఫెయిలై ఫేసుల ఐడీలు మారిపోయాయి. ప్రెషర్ వెళ్లి పక్కనున్న 1500 చదరపు మి.మీ. ఫేస్ మీద కూర్చుంది. లెక్క కట్టే సాల్వర్‌కి లోడ్ ఉంది, సపోర్ట్ ఉంది, మెష్ (భాగాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టిన వల) ఉంది, ఇంకేం కావాలి? బుద్ధిగా సాల్వ్ చేసి టిక్ పెట్టేసింది.

అందుకే నేమ్‌డ్ సెలక్షన్‌ని (పేరు పెట్టి ఎంచుకున్న ఫేసులని) మౌస్‌తో క్లిక్ చేసి వదిలేయకండి. వర్క్‌షీట్‌లో లొకేషన్, సైజు లాంటి షరతులతో పెట్టండి. అదీ పారామీటర్‌తో (మనం మార్చే కొలతతో) పాటు మారిపోయే కొలత కాకుండా చూసుకోండి. రియాక్షన్ ఫోర్స్‌ని అవుట్‌పుట్ పారామీటర్‌గా పెడితే డిజైన్ పాయింట్ టేబుల్‌లో అదొక కాలమ్‌గా వస్తుంది. ఇచ్చిన లోడ్‌తో అది కలవకపోతే ఆ వరుసని పక్కన పెట్టమని స్క్రిప్ట్‌లో రాయండి. నాలుగు లైన్ల పని.

మెష్ సంగతీ ఇంతే. పదునైన లోపలి మూల దగ్గర మెష్ సన్నం చేసేకొద్దీ స్ట్రెస్ పెరుగుతూనే పోతుంది. స్క్రిప్ట్ ఆ అంకెనే గరిష్ఠమని తెచ్చి టేబుల్లో పెడుతుంది. మరీ ముతక మెష్ అయితే ఇంకో ప్రమాదం. 1991 ఆగస్టు 23న నార్వేలో సముద్రంలో గ్యాస్ తీసేందుకు కడుతున్న స్లైప్నర్-ఎ ప్లాట్‌ఫామ్ కాంక్రీట్ బేస్ మునిగిపోయింది. ఫైనైట్ ఎలిమెంట్ (ఇలా మెష్ ముక్కలతో చేసే) లెక్కలో షియర్ స్ట్రెస్ 47 శాతం తక్కువగా వచ్చిందని తర్వాత తేలింది. అక్కడా నంబర్లయితే వచ్చాయి.

మిగతావి గబగబా

రిఫ్రెష్ కొడితే చాలనుకుంటారు. రిఫ్రెష్ పై సెల్ నుంచి డేటా తెచ్చుకుంటుంది, అంతే. సాల్వ్ కావాలంటే అప్‌డేట్ కొట్టాల్సిందే.

బ్యాచ్ మోడ్‌లో (విండో తెరవకుండా స్క్రిప్ట్‌తో రన్ చేయడం) సాల్వర్ స్పీడు పెరుగుతుందట, లైసెన్స్ కూడా అక్కర్లేదట! ఎవరు పుట్టిస్తారో ఈ కబుర్లు. సాల్వర్ అదే, లైసెన్సూ అదే. మిగిలేది మీరు స్క్రీన్ ముందు కాపలా కాసే టైమ్.

స్క్రిప్ట్ రాసే భాష పైథాన్ రాదని టెన్షన్ పడేవాళ్లకి మాత్రం ఓపిగ్గా చెబుతాను. ఫైల్ మెనూలో స్క్రిప్టింగ్‌కి వెళ్లి జర్నల్ రికార్డ్ (మీరు చేసే ప్రతి పనినీ స్క్రిప్ట్‌గా రాసుకునేది) ఆన్ చేసి, రోజూ చేసే పని ఒకసారి చేతితో చేయండి. వచ్చిన ఫైల్ తెరిచి ఒక్కో లైన్ చదవండి. మెకానికల్ బీటెక్ చేసి కోడ్ ముఖం చూడనివాళ్లు కూడా మా దగ్గర ఇలాగే నేర్చుకున్నారు. ఆటోమేషన్‌తో ఉద్యోగం పోతుందేమోనని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ 3,000 న్యూటన్లు చూసి అనుమానపడాల్సింది మనిషే కదా.

చివరగా, రాత్రంతా రన్ చేస్తే అన్ని డిజైన్ పాయింట్ల రిజల్ట్స్ భద్రంగా ఉంటాయనుకోవద్దు. రిటెయిన్ బాక్స్‌లో టిక్ పెట్టకపోతే టేబుల్లో అంకెలే మిగులుతాయి. పొద్దున క్లయింట్ ఏడో పాయింట్ కాంటూర్ (స్ట్రెస్‌ని రంగుల్లో చూపే బొమ్మ) అడిగితే మళ్లీ సాల్వ్ చేయాలి. అలాగని అన్నింటికీ పెడితే డిస్క్ నిండిపోతుంది. మొదటిదానికీ, చివరిదానికీ, అనుమానం ఉన్నవాటికీ పెట్టుకోండి.